సన్నాయి ఎటుపోయింది? ప్లేయర్లలో మోనో ఎందుకుండాలి

పర్లాకిమిడిలో మా వీధి చివరి ఇల్లు మావయ్యది. ఆయనకి కుడి చెవి చిన్నప్పుడే పోయింది. చీము కారుతుంటే ఎవరో నూనె కాచి పోశారట. జ్వరమైతే తగ్గింది గానీ వినికిడి మళ్లీ రాలేదు. అరవై ఏళ్లుగా ఒంటి చెవితోనే కిరాణా కొట్టు నడిపాడు, బేరాలాడాడు, ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాడు. ఈమధ్య మనవడు ఒక ట్యాబ్ కొని, దాన్నిండా పాత భక్తి పాటలు ఎక్కించి, ఇయర్‌ఫోన్లు చేతికిచ్చి వెళ్లాడు. ఓ సాయంత్రం నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని తలూపుతూ వింటున్నాడు. ఉన్నట్టుండి తలూపడం ఆపేసి ట్యాబ్ వైపు అనుమానంగా చూశాడు.

"ఏటిరా ఇది, పల్లవి అవగానే పాట ఆగిపోతంది? కాసేపుండి మళ్లీ చరణం అందుకుంటంది."

ఇయర్‌ఫోన్లు తీసుకుని నేను విన్నాను. పాట ఎక్కడా ఆగలేదు. పల్లవికీ చరణానికీ మధ్య సన్నాయి వస్తోంది. అదంతా కుడివైపే ఉంది. ఎడమవైపు తాళం చప్పుడు సన్నగా వినపడుతోంది, అంతే.

"ఆగలేదు మావయ్యా. సన్నాయి వాయిస్తున్నారు. నీ కుడి చెవిలో."

"ఆ చెవిలో వాయిస్తే నాకేటి లాభం?"

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికేవాణ్ణి. పొద్దున లేస్తే ఎడమ చానల్, కుడి చానల్ (ఎడమ చెవికీ కుడి చెవికీ విడిగా వెళ్లే శబ్దాలు) తప్ప వేరే లోకం లేదు. అయినా ఆ ప్రశ్న విన్నాక కాసేపు నోట మాట రాలేదు. పాట మొత్తం ఫైల్లో ఉంది, ట్యాబ్ దాన్ని మొత్తం చదువుతోంది, మావయ్య ఎడమ చెవి చక్కగా పనిచేస్తోంది. అయినా సన్నాయి ఆయనదాకా రాలేదు. మధ్యలో ఎవరు మింగేశారు?

ముందు పక్కింటి కుర్రాడు చేసిన వైద్యం చెప్పాలి, ఎందుకంటే నూటికి తొంభై మంది చేసేది అదే. వాడు సెట్టింగుల్లోకి పోయి బ్యాలెన్స్ గీతని పూర్తిగా ఎడమకి జరిపాడు. "ఇప్పుడు మొత్తం సౌండ్ ఎడమ చెవికే వస్తుంది తాతా" అన్నాడు. రాలేదు. బ్యాలెన్స్ అంటే కుడివైపున్న శబ్దాన్ని మోసుకొచ్చి ఎడమవైపు పోయడం కాదు. ఎడమకి జరిపే కొద్దీ కుడి చానల్ గొంతు తగ్గిస్తూ పోతుంది, చివరికి నొక్కేస్తుంది. అంటే వాడు చేసింది సన్నాయిని ఇంకాస్త లోతుగా పాతిపెట్టడం.

కావలసింది మోనో. ఈ మాట చుట్టూ ఒక పెద్ద అపోహ ఉంది. మోనో అంటే ఒక పక్కే వినపడటం అనుకుంటారు. మా దగ్గరికి వచ్చే పెళ్లివారు "ఒక సైడే వస్తంది, మోనో అయిపోయిందా?" అని అడుగుతుంటారు. ఒక సైడే రావడం మోనో కాదు, అది సగం పోయిన స్టీరియో (రెండు చానళ్లూ విడివిడిగా వినిపించే పద్ధతి). ఎడమ, కుడి చానళ్లు రెండూ కలిపేసి, ఆ కలిసిన శబ్దాన్నే రెండు చెవులకీ సమానంగా ఇస్తే మోనో. అప్పుడు ఏ చెవి పెట్టి విన్నా పాట మొత్తం ఉంటుంది.

స్టీరియో ఎందుకు పుట్టిందో చూస్తే ఈ చిక్కు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మనకి ఎడమవైపు ఎవరైనా పిలిస్తే ఆ శబ్దం ఎడమ చెవిని ముందు చేరి, కుడి చెవిని రవ్వంత ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. తల అడ్డం రావడంతో కుడి చెవికి చేరేసరికి కాస్త నీరసపడుతుంది కూడా. ఈ రెండు తేడాల్ని లెక్కగట్టే మెదడు పిలుపు ఎటునుంచి వచ్చిందో చెబుతుంది. ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు అలన్ బ్లమ్లీన్ 1931లో ఈ సూత్రం మీదే పేటెంటు దరఖాస్తు పెట్టాడు. సినిమాకి వెళ్లినప్పుడు తెర మీద నటుడు ఒక మూల ఉంటే మాట ఇంకో చోటునుంచి రావడం ఆయనకి నచ్చలేదని, నటుడి వెంటే గొంతు నడిచేలా చేస్తానని భార్యతో అన్నాడని ఒక కథ చెబుతారు. రెండు మైకులు, రెండు దారులు, రెండు స్పీకర్లు. ఎదురుగా మధ్యలో కూర్చున్న మనిషి, ఆ మనిషికి రెండు చెవులు. ఇవన్నీ సరిగ్గా కుదిరినప్పుడే స్టీరియో స్టీరియో.

ఇందులో ఒక దారి గానీ ఒక చెవి గానీ తప్పితే ఏమవుతుంది? వెడల్పు పోతుంది, అంతేగా అనుకుంటాం. నిజానికి సరుకే పోతుంది. సన్నాయి కొంచెం పలచబడటం కాదు, అసలు లేకుండా పోవడం. రంగు టీవీ చెడిపోయి నలుపు తెలుపులో కనపడితే బొమ్మ మొత్తం ఉంటుంది. ఇక్కడ అలా కాదు, తెరలో కుడి సగానికి దుప్పటి కప్పినట్టు.

ఆశ్చర్యమేమిటంటే, ఇది జరగకూడదని పాత కాలపు ఇంజనీర్లు ఎంతో జాగ్రత్తపడ్డారు. 1950ల చివర్లో స్టీరియో గ్రామఫోన్ రికార్డులు మార్కెట్లోకి వచ్చినప్పుడు గాడిని కోసిన పద్ధతి చూడండి. సూది అడ్డంగా ఊగితే ఎడమ, కుడి కలిసిన మొత్తం. నిలువుగా ఊగితే రెండింటి మధ్య తేడా. మోనో పరికరం అడ్డపు ఊపునే అందుకుంటుంది కాబట్టి దానికి మొత్తం పాటే దక్కుతుంది. ఎఫ్ఎం రేడియోలో స్టీరియోకి 1961లో అమెరికా అనుమతి ఇచ్చినప్పుడూ ఇదే ఎత్తు. మామూలు రేడియో అందుకునే చోట రెండు చానళ్ల మొత్తాన్ని పెట్టారు. తేడాని పైన, 38 కిలోహెర్ట్జ్ (సెకనుకి 38,000 ఊపులు) దగ్గర, విడిగా ఎక్కించారు. స్టీరియో వస్తోందని రేడియోకి చెప్పడానికి 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక సన్నటి గుర్తు. ఇంట్లో ఒంటి స్పీకరు రేడియో ఉన్నవాడు దేన్నీ పోగొట్టుకోడు. స్టీరియో కొన్నవాడికి అదనంగా వెడల్పు.

ఇప్పటికీ మా ఊరినుంచి కొండల్లోకి కారులో పోతుంటే ఇది చెవికి తెలుస్తుంది. సిగ్నలు తగ్గే కొద్దీ బుస్సుమనే శబ్దం పెరుగుతుంది, ఉన్నట్టుండి తగ్గుతుంది, పాట కాస్త ఇరుకైనట్టు అనిపిస్తుంది. ఆ బుస ఎక్కువగా వచ్చేది పైన ఎక్కించిన తేడా భాగంలోనే. అందుకని మంచి కారు రేడియో దాన్ని వదిలేసి మొత్తంతో సరిపెట్టుకుంటుంది. డ్రైవరు ఏమీ నొక్కక్కర్లేదు.

అంటే అరవై ఏళ్ల క్రితం రేడియోకి తెలిసిన మర్యాద మావయ్య ట్యాబ్‌లోని ప్లేయర్‌కి తెలియదు.

ఎందుకు మర్చిపోయారంటే ఇయర్‌ఫోన్ల వల్ల అని నా అభిప్రాయం. గదిలో స్పీకర్లు ఉన్నంతకాలం గాలి మోనో పని కొంత చేసిపెట్టేది. కుడి స్పీకరు శబ్దం గోడలకి తగిలి ఎడమ చెవికీ వస్తుంది. ఇయర్‌ఫోన్లలో ఆ కలయిక లేదు, ఏ చెవి శబ్దం ఆ చెవిదే. ఒంటి చెవివాళ్లకి స్టీరియో అసలు దెబ్బ తగిలింది ఇక్కడ. పాటని మిక్స్ చేసేవాడేమో పెద్ద స్పీకర్ల మధ్య కూర్చుని చేస్తాడు.

ఒంటి చెవి అంటే అరుదైన సంగతి అనుకోకండి. చిన్నప్పటి చీము ఒక కారణమే. గవదబిళ్లలు వచ్చి తగ్గాక ఒక చెవి పూర్తిగా పోయినవాళ్లున్నారు. చెవి పక్కన టపాకాయ పేలినవాళ్లున్నారు. అమెరికా సంగీతకారుడు బ్రయన్ విల్సన్‌కి, సరిగ్గా మావయ్యలాగే, కుడి చెవి దాదాపు వినపడేది కాదు. 1960ల్లో తన బీచ్ బాయ్స్ బృందం పాటల్ని ఆయన మోనోలోనే మిక్స్ చేసేవాడు. తను వినగలిగిందే తను చేశాడు.

మా ఊళ్లో చెవుల మాట వస్తే గిడుగు రామమూర్తి పంతులుగారి మాట రాకుండా ఉండదు. ఇక్కడే బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకోవడానికి కొండ ఊళ్లు తిరిగి, మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నాడాయన. జనం నోటి మాటకే పుస్తకంలో పీట వేయాలని జీవితాంతం వాదించిన మనిషికి ఆ నోటి మాటే సరిగా వినపడకుండా పోయింది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. మందు వల్ల వచ్చే చెవుడు మామూలుగా రెండు చెవులకీ వస్తుంది కాబట్టి మోనో ఆయనకి అక్కరకొచ్చేది కాదు. ఈ వ్యాసంలో ఆయన పని లేదు నిజమే, కానీ ఈ ఊళ్లో కూర్చుని చెవుల గురించి రాస్తూ ఆయన్ని తలుచుకోకపోతే మా వీధిలో తిరగనివ్వరు.

చెవి బాగానే ఉండీ ఒంటి చెవితో వినేవాళ్లు ఇంకా ఎక్కువ. గుణుపురం పాసింజర్‌లో రోజూ చూస్తాను. ఒక ఇయర్‌బడ్ చెవిలో, రెండోది డబ్బీలో. టెక్కలి వచ్చిందో పాతపట్నం వచ్చిందో తెలియాలి, పక్కవాడు పలకరిస్తే పలకాలి. కొట్టులో కూర్చున్నవాడు, ఉయ్యాల్లో పిల్లని పడుకోబెట్టిన తల్లి, రాత్రి డ్యూటీ నర్సు, వీళ్లెవరికీ రెండు చెవులూ మూసుకునే వీల్లేదు. ఒకే బడ్ పెట్టుకుంటే రెండు చానళ్లూ కలిపి అందులోకే పంపే ఇయర్‌బడ్స్ ఉన్నాయి. అన్నీ ఆ పని చేయవు. తీగ ఇయర్‌ఫోన్లయితే అస్సలు చేయవు, వాటికేం తెలుసు పాపం. ఒక జత ఇయర్‌ఫోన్లని అక్కాచెల్లెళ్లిద్దరు చెరోటి పెట్టుకుని వింటే ఇద్దరూ వింటున్నది ఒకే పాట కాదన్నమాట.

టీ హోటల్ సంగతీ ఇంతే. మా బస్టాండు పక్కన ఒక హోటల్లో ఒక బాక్సు వంటగది గుమ్మం మీద, ఇంకోటి బయట రోడ్డు వైపు ఉంటాయి. లోపల కూర్చున్నవాడికి ఎడమ చానల్, బయట నిలబడి టీ తాగేవాడికి కుడి చానల్. గుడి మైకు కట్టేవాళ్లకి మాత్రం ఈ గొడవ లేదు. ఊరంతా చెట్లకీ స్తంభాలకీ కట్టిన బాకాలన్నిట్లో ఒకటే శబ్దం రావాలని వాళ్లకి ఏ పుస్తకం చదవకుండానే తెలుసు. కాకపోతే ఫోన్‌నుంచి యాంప్లిఫయర్‌కి తీగ కలిపేటప్పుడు ఒక్కోసారి ఎడమ చానల్ తీగ ఒక్కటే కలిపి ఊరుకుంటారు. రెండేళ్ల కిందట ఒక ఉత్సవంలో రోజంతా సుప్రభాతం సగమే మోగింది. ఎవరూ పట్టించుకోలేదు. నాకే నిద్రపట్టలేదు.

ఇక మోనో చేయడం ఎలా? కలపడమే కదా అంటే, కూడిక ఎలా చేశామన్నది ముఖ్యం. సీడీ రకం శబ్దంలో ఒక్కో క్షణానికీ ఒక్కో అంకె ఉంటుంది. పైకి 32,767 దాటకూడదు. గాయకుడి గొంతు సాధారణంగా రెండు చానళ్లలోనూ ఒకేలా ఉంటుంది, అందుకే మధ్యలోంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. ఒక క్షణంలో ఎడమ 20,000, కుడి 20,000 ఉన్నాయనుకోండి. కలిపితే 40,000. గిన్నెలో పట్టదు, పొంగిపోతుంది, గొంతు చిట్లినట్టు వినపడుతుంది. అందుకని కూడి, రెండుతో భాగిస్తారు. గొంతు మళ్లీ 20,000 దగ్గరే ఉంటుంది. కుడివైపే ఉన్న సన్నాయి 20,000 అయితే, దానికి ఎడమవైపు కలవడానికి ఏమీ లేదు కాబట్టి సగమై 10,000కి దిగుతుంది.

ఇది నష్టమా? సంగీతానికి కొంత నష్టమే, సన్నాయి ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. మాటకి మాత్రం లాభం. పక్కలనున్న వాయిద్యాలు తగ్గి మధ్యలో ఉన్న గొంతు పైకి తేలుతుంది. ప్రవచనాలు, నాటకాలు, వార్తలు, సినిమా డైలాగులు వినే పెద్దవాళ్లు మోనో పెట్టగానే "ఇప్పుడు మాట తెలుస్తంది" అనడానికి కారణం ఇదే.

కూడికకి బదులు తీసివేత జరిగితే ఏమవుతుందో మీరందరూ విని ఉంటారు, దాని పేరు తెలియకపోవచ్చు. ఇయర్‌ఫోన్ పిన్ను సగమే దిగినప్పుడు పాట వింతగా మారిపోతుంది. పాడేవాడి గొంతు బావిలో పడినట్టు మాయమై, వాయిద్యాలు, గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం మిగులుతాయి. చిన్నప్పుడు మేం కావాలనే పిన్ను కొంచెం బయటికి లాగి, ఆ ఖాళీలో మేం పాడేవాళ్లం. పిన్ను కొనన ఎడమ చానల్, దాని కింద ఉంగరంలా కుడి చానల్, అడుగున రెండింటికీ ఉమ్మడి తీగ. ఆ ఉమ్మడి తీగ తాకనప్పుడు కరెంటు ఎడమనుంచి కుడికి రెండు బడ్స్ గుండా తిరుగుతుంది. మనకి వినపడేది రెండింటి తేడా. రెండిట్లోనూ ఒకేలా ఉన్న గొంతు, 20,000 లోంచి 20,000 పోతే, సున్నా. కరోకే ట్రాకులు తయారుచేసే పాత సాఫ్ట్‌వేర్లు చేసిందీ ఇదే లెక్క.

దీన్నిబట్టి మోనోకున్న అసలు ప్రమాదం కూడా అర్థమవుతుంది. ఫైల్లో ఒక చానల్ తిరగబడి ఉంటే, అంటే ఎడమ పైకి పోతున్నప్పుడు కుడి సరిగ్గా కిందికి పోతుంటే, కూడితే సున్నా వస్తుంది. స్టీరియోలో వినపడిన గొంతు మోనో నొక్కగానే మాయం. మైకు తీగల్లో ఒకటి తిరగేసి అతికితే ఇలా జరుగుతుంది. నాకు రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ పంతులుగారి మంత్రాలే పోయాయి.

దానికంటే తరచుగా వచ్చే తంటా ఇంకోటుంది. కొన్నేళ్ల కిందట సంక్రాంతికి జముకుల కథ, అంటే జముకు వాయిస్తూ పాడి చెప్పే కథ, రికార్డు చేశాను. ప్రధాన కథకుడి ముందు ఒక మైకు, వంత పాడేవాళ్ల ముందు ఒకటి. మొదటిది ఎడమ చానల్, రెండోది కుడి. స్టీరియోలో దివ్యంగా ఉంది, ఎదురుగా చాప మీద కూర్చుని విన్నట్టుంది. మోనో చేసి విన్నాను. జముకు చప్పుడు నూనె డబ్బాలోంచి వచ్చినట్టు డొల్లగా అయిపోయింది. ఎందుకంటే ఆ ఒక్క జముకు శబ్దమే రెండు మైకులకీ వేర్వేరు సమయాల్లో చేరింది. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. ఒక మైకు రెండో మైకు కన్నా 34 సెంటీమీటర్లు దూరంగా ఉంటే ఒక మిల్లీసెకను ఆలస్యం. ఆ ఆలస్యంతో రెండింటినీ కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి పోతుంటే ఇంకోటి కిందికి వచ్చి రెండూ కొట్టుకుపోతాయి. అలాగే 1,500 దగ్గర, 2,500 దగ్గర. దువ్వెన పళ్లలా వరసగా సందులు. ఆ తర్వాత రికార్డింగుకి వెళ్లిన ప్రతిసారీ అక్కడే ఒకసారి మోనోలో విని మైకు జరుపుకోవడం అలవాటు చేసుకున్నాను. మోనో బటను వినేవాడికే కాదు, చేసేవాడికీ కావాలి.

కలపకూడని ఫైళ్లూ ఉన్నాయి. వీసీడీల కాలం గుర్తుందా? రిమోటు మీద ఎడమ, కుడి మార్చే ఒక బటను ఉండేది. కొన్ని వీసీడీల్లో ఒక చానల్లో ఒక భాష, రెండో చానల్లో ఇంకో భాష పెట్టేవారు. పాటల వీసీడీల్లో ఒక పక్క గొంతుతో, ఇంకో పక్క వట్టి సంగీతం ఉండేది. అలాంటిది మోనో చేస్తే ఇద్దరు మనుషులు ఒకేసారి రెండు భాషల్లో అరిచినట్టుంటుంది. మా పర్లాకిమిడి బజారులో అది మామూలే అనుకోండి, ఒకే బేరంలో తెలుగూ ఒడియా కలిసే నడుస్తాయి. కానీ వీడియోలో కుదరదు. ఇక్కడ కావలసింది 'ఎడమ మాత్రమే, రెండు చెవులకీ' అన్న ఏర్పాటు. పాత పెళ్లి వీడియోలకీ ఇదే మందు. చాలా కెమెరాల్లో బయటి మైకు ఒక చానల్లోకే ఎక్కేది, రెండో దాంట్లో వట్టి గర్రుమనే చప్పుడు. వాటిని కలిపితే గొంతు సగమై, ఆ గర్రు కూడా వచ్చి చేరుతుంది. ఎడమ చానల్ ఒక్కదాన్నే తీసి రెండు పక్కలా ఇస్తే హాయి.

సినిమాల్లో వచ్చే ఆరు చానళ్ల శబ్దం గురించి రెండు ముక్కలు. అందులో డైలాగులు ఎక్కువగా మధ్య చానల్లో ఉంటాయి. ప్లేయర్ సరిగా చేస్తే ఆ మధ్య చానల్‌ని సుమారు 0.7తో గుణించి ఎడమకీ కుడికీ పంచుతుంది. సరిగా చేయకుండా ముందు రెండు చానళ్లనే తీసుకుంటే డైలాగులు పోయి ఫైటు మోత మిగులుతుంది. మోనో చేసేటప్పుడు కూడా ముందు ఈ లెక్కన కలిపాకే ఒకటి చేయాలి.

ఇంతకీ ప్లేయర్‌లోనే ఎందుకు? ఈ కోరిక కోరినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు చెప్పే మాట ఒకటుంది. ఫోన్‌లోనే ఉందిగా, కంప్యూటర్లోనే ఉందిగా అని. ఉంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, యాక్సెసిబిలిటీలో ఆడియో అండ్ విజువల్ తెరిస్తే మోనో ఆడియో కనపడుతుంది. ఆండ్రాయిడ్‌లోనూ యాక్సెసిబిలిటీలోనే వెతకాలి, దాని కింద ఏ పేరుతో పెట్టారన్నది ఫోన్ కంపెనీని బట్టి మారుతుంది. విండోస్ 11లో సౌండ్ సెట్టింగుల్లో ఉంది. మావయ్య ట్యాబ్‌లో నేను ముందు చేసింది అదే. సన్నాయి వచ్చింది. ఆయన ముఖం చూడాలి అప్పుడు. ఏమీ అనలేదు, వేలు పైకెత్తి నన్ను మాట్లాడొద్దన్నాడు.

మూడో రోజు మనవరాలు ట్యాబ్ పట్టుకొచ్చింది. "బావా, నా గేమ్‌లో శత్రువు ఎటునుంచి వస్తున్నాడో తెలియట్లేదు" అంది. ఆ అమ్మాయికి రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయి. ఆమెకి స్టీరియో కావాలి, అదీ న్యాయమే. ఆమె స్విచ్చి ఆపేసింది, సాయంత్రం మావయ్య సన్నాయి మళ్లీ పోయింది. ఒక ఇంట్లో ఒక ట్యాబ్‌ని నలుగురు వాడే చోట మొత్తం పరికరానికి ఒకే స్విచ్చి అంటే, వీధి మొత్తానికి ఒకే ఫ్యూజు పెట్టడం.

ఇంకా పెద్ద కారణం ఏమిటంటే, ఫైల్లో ఏముందో ఫోన్ సెట్టింగుకి తెలియదు. దానిదాకా వచ్చేసరికి అంతా కలిసిన ప్రవాహమే. ఇది రెండు భాషల వీసీడీ అనీ, ఇది ఒంటి మైకు పెళ్లి వీడియో అనీ, ఇది ఆరు చానళ్ల సినిమా అనీ చూడగలిగింది ప్లేయర్ ఒక్కటే. ఎడమ మాత్రమే, కుడి మాత్రమే, కలిపి అన్న మూడు దారులూ ఇవ్వగలిగింది కూడా అదే. కంప్యూటర్నుంచి సినిమా శబ్దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు టీవీకో హోమ్ థియేటర్‌కో పంపించే పద్ధతి ఒకటుంది. అప్పుడైతే కంప్యూటర్ మోనో స్విచ్చి ఉన్నా లేనట్టే. ఆ శబ్దాన్ని ముందు విప్పాలి, ఆ పని ప్లేయర్‌కే చెప్పాలి.

కొన్ని ప్లేయర్లు ఈ పని చేస్తున్నాయి. కంప్యూటర్లో వీఎల్‌సీ తెరిస్తే ఆడియో మెనూలో స్టీరియో మోడ్ అని ఉంటుంది. దాని లోపల ఎడమ, కుడి, తిరగేసిన స్టీరియో, మోనో ఉంటాయి. మోనో కావాలనుకునేవాడు స్టీరియో అనే తలుపు తియ్యాలన్నమాట. ఉప్పు డబ్బా మీద పంచదార అని రాసినట్టు. ఎంపీవీలో ఒక్క లైను సెట్టింగు రాసుకుంటే చాలు, ఆ లైను రాయగలిగేవాడికి. ఫూబార్2000లో స్టీరియోని మోనో చేసే భాగాన్ని చేర్చుకోవచ్చు. రాయడం కష్టమైన పనేం కాదని దీన్నిబట్టే తెలుస్తోంది. ఒక కూడిక, ఒక భాగహారం. కష్టమంతా బటను ఎక్కడ పెట్టాలి, దానికి ఏం పేరు పెట్టాలి అన్న దగ్గరే. నన్నడిగితే మోనో అన్న మాటే రాయక్కర్లేదు. 'రెండూ కలిపి వినిపించు' అని రాస్తే మావయ్యకీ తెలుస్తుంది. అది శబ్దం పెంచే గుర్తు పక్కనే ఉండాలి, నాలుగు మెనూల కింద కాదు. ఏ ఫైలుకి ఏది పెట్టామో గుర్తుంచుకోవాలి కూడా. వీడియో ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకునే ప్లేయర్‌కి ఇదేమంత బరువు?

మోనోతో కళ చచ్చిపోతుందనేవాళ్లూ ఉన్నారు. సంగీత దర్శకుడు కావాలని కుడివైపు పెట్టాడు, నువ్వెవరు మార్చడానికి అంటారు. రెండు చెవులు, మంచి హెడ్‌ఫోన్లు ఉన్నవాడు మోనో పెట్టుకోనక్కర్లేదు, నేనూ పెట్టుకోను. కానీ తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టింది 1932లో. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు మన పాటలన్నీ మోనోలోనే వచ్చాయి. మన పెద్దవాళ్లు ప్రాణంగా దాచుకున్న పాటలు అవే. వాటిని వినేటప్పుడు అక్కడ కళ తక్కువైందని ఎవరూ అనగా నేను వినలేదు. కావాలని కుడివైపు పెట్టినవాడు కూడా ఎడమవాడికి వినపడకూడదని పెట్టి ఉండడు కదా.

చివరికి మావయ్య ట్యాబ్‌లో పాటలకని వేరే ప్లేయర్ ఒకటి వేసి, అందులో మోనో పెట్టి, ట్యాబ్ స్విచ్చి మనవరాలికి వదిలేశాను. ప్లేయర్ మూసి తెరిస్తే ఒక్కోసారి మళ్లీ స్టీరియోకి పోతోంది. అందుకని వారానికి రెండుసార్లు మావయ్య ట్యాబ్ చంకన పెట్టుకుని నా గదికి వస్తాడు. పెళ్లి వీడియో మధ్యలో ఉన్నా సరే, గుమ్మంలో నిలబడి ఎడమ చెవి ఇటు తిప్పి అంటాడు.

"ఒరేయ్, సన్నాయాయన మళ్లీ అటెళ్లిపోయాడు. ఇటు పిలు."